దాత కూర్చున్న చోటు

ఉదయగిరి,
జూన్ 1979

జైతూన్‌కు,

నీ జాబు కోసం చూడకుండా నేనే రాస్తున్నాను. ఈ సంగతి కడుపులో ఆగడం లేదు.

మా చెల్లెలు శీనమ్మ క్షయకు మందు వాడుతోందని నీకు తెలుసు కదా. రోజూ ఆసుపత్రి దాకా రాలేకపోతోందని, డ్యూటీ దిగాక నేనే మర్రిపాడు దోవలో ఉన్న వాళ్ల పల్లెకు పోయి సూది వేసి వస్తున్నాను. దగ్గు తగ్గింది. చెంపల మీద కాస్త కండ కనిపిస్తోంది. మొన్న పోయేసరికి వాళ్ల అరుగు నిండా జనం. మధ్యలో మా మరిది మాల్యాద్రి అట్ట చిరిగిన పాకెట్ నవల పట్టుకుని గట్టిగా చదువుతున్నాడు. పేరు చూస్తే ‘నిశ్శబ్ద మండలం’. నువ్వు మగపేరు పెట్టుకుని రాసిన పుస్తకం. నవ్వు ఆపుకోలేక సూదిమందు సీసా జారవిడిచాను.

మాల్యాద్రి గనుల నుంచి ముగ్గురాయి తోలే లారీ నడిపేవాడు. బద్వేలు కనుమలో లారీ బోల్తాపడి మోకాలు బిగుసుకుపోయినప్పటి నుంచి ఇల్లు కదలడం లేదు. ఆ పుస్తకం లారీలోనే దొరికిందట. చదవడం రానివాళ్లందరికీ రోజూ చదివి వినిపిస్తున్నాడు. దానికి తోడు ఆకాశంలో తిరిగే అమెరికావాళ్ల స్కైలాబు కూలబోతోందని రేడియో చెప్పినప్పటి నుంచి ఊళ్లో ఒకటే భయం. ఉన్న మేకల్ని కోసుకు తినేవాళ్లు తింటున్నారు. శీనమ్మ అత్త ఓబమ్మ, “ఆ పుస్తకంలో మాదిరి దాన్ని పక్కకి తోసేవోళ్లు మన దేశంలో లేరా?” అని అడిగితే అందరూ నవ్వారు. మాల్యాద్రి మాత్రం నవ్వలేదు.

ఇంతకీ నీ పుస్తకంలోని లోకంలో ఓడల్ని తోసే ఆ శక్తి ఎట్లా పనిచేస్తుందో నాకు సరిగ్గా రాయి. నర్సమ్మకు అన్నీ తెలుసని నన్నే అడుగుతున్నారు. నువ్వు నా స్నేహితురాలివని చెప్పలేదులే.

నీ
దేవకమ్మ


ఆత్మకూరు,
జూన్ 1979

దేవకా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి, కుట్టాల్సిన జాకెట్లు పక్కన పడేసి కూర్చున్నాను. నా పుస్తకం ఒకరు చదువుతుంటే పదిమంది వింటున్నారా? విజయవాడ పబ్లిషరు నాకు ఇంత మంచి మాట ఒక్కటీ చెప్పలేదు.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. నా లోకంలో ఓడలు ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు పోతాయి. వాటికి నూనె అక్కర్లేదు, బొగ్గు అక్కర్లేదు. ఓడ అడుగున ఒక మనిషి కూర్చుంటుంది. ఆమె దాత. ఆమె ముందు మాటను వదులుకుంటుంది, తర్వాత తిండిని, ఆ తర్వాత తన ఒంటిని ఏది కాపాడుతుందో దాన్ని. ఆమె వదులుకున్నదల్లా శక్తిగా మారుతుంది. ఆ శక్తిని పట్టి ఓడను నడిపేవాడు వాహకుడు. వాడికి సొంతబలం ఏమీ లేదు. దాత ఇష్టపడి ఇస్తేనే శక్తి పుడుతుంది. బలవంతం చేస్తే అది తిరగబడి ఓడనే కాలుస్తుంది. దాత కూర్చున్న చోటు ఒక్క ఊపిరంత సేపు కూడా ఖాళీగా ఉండకూడదు.

అందుకే ఆ లోకంలో దాతల్ని నెత్తిన పెట్టుకుంటారు. కాళ్లు కడుగుతారు, వాళ్ల మీద పాటలు కడతారు. ఓడల యజమానుల ఇళ్లలోంచి మాత్రం ఒక్క దాత కూడా రాదు. ఇంత గౌరవం ఉన్న చోటుకు పెద్దింటివాళ్లు ఎందుకు పోరని అక్కడ ఎవరూ అడగరు. అందరూ తిన్నాక గిన్నె గీరుకుని తినే మా అమ్మను చూసి రాసిన కథ అది.

రెండో భాగం కూడా రాశాను. అందులో ఒక చిన్నపిల్ల ఓడ అడుక్కి దిగి చూస్తుంది. అప్పటికి దాత చనిపోయి ఎన్నాళ్లో అయి ఉంటుంది. ఓడ మాత్రం ఆగకుండా పోతూనే ఉంటుంది. చుక్కల మధ్య ప్రవాహాలు వాటంతట అవే ఓడల్ని తోస్తాయి. శక్తి అనేది ఎప్పుడూ లేదు. పబ్లిషరు అది చదివి, జనానికి శక్తి కావాలి గానీ అది లేదని చెబితే పుస్తకం ఎవడు కొంటాడని వెనక్కి పంపేశాడు. ఆ కాగితాలు నా మిషను పెట్టెలో ఉన్నాయి.

శీనమ్మకు నా సలాం చెప్పు.

జైతూన్


ఉదయగిరి,
జూలై 1979

జైతూన్,

స్కైలాబు సముద్రంలోనూ ఆస్ట్రేలియా బీళ్లలోనూ పడిందని నువ్వూ వినే ఉంటావు. ఆ పల్లెలో మాత్రం అది అట్లా పడలేదు. శీనమ్మ పక్కకు తోసిందట.

నేను క్యాంపులో ఉండి ఒక వారం పోలేదు. ఆ వారంలోనే మాల్యాద్రి గొడ్ల కొట్టం ఊడ్పించి, అలికించి, మధ్యలో ఒక పీట వేయించి, వాహకుణ్ణి తనేనన్నాడు. ఎవరు కూర్చుంటారని అడిగితే ఎవరూ కదల్లేదట. శీనమ్మ లేచింది. ఎందుకు లేచావే అని తర్వాత అడిగాను. అప్పటికే మాట మానేసింది కాబట్టి జవాబు ఓబమ్మత్త చెప్పింది: “జబ్బు మనిషిని, ఎవురికీ పనికి రాకపోతిని, దీనికైనా పనికొస్తాననింది తల్లీ.”

స్కైలాబు పడ్డ మర్నాడు రేడియో వార్త విని ఊరంతా వచ్చి దాని కాళ్ల మీద పడ్డారు. మా చర్చికి వచ్చేవాళ్లు కూడా ఉన్నారు వాళ్లలో. పెళ్లయినప్పటి నుంచి దాన్ని గొడ్డుదనీ రోగిష్టిదనీ అన్న నోళ్లే అవి. అది చెంపల మీదుగా నీళ్లు కారుస్తూ కూర్చుంది. దాన్ని అంత సంతోషంగా నేను ఎప్పుడూ చూడలేదు.

నేను సూది తీశాను. చెయ్యి వెనక్కి లాక్కుంది. మాల్యాద్రి నెమ్మదిగానే చెప్పాడు. అతను చెడ్డవాడు కాదు జైతూన్, అదే నాకు భయం. “ఒంటిని కాపాడేదాన్ని వదిలితేనే గదా వదినా శక్తి. నేను మానమన్లా. తనే మానింది,” అన్నాడు. ఈ ఏడాది వానలు పడేదాకా కూర్చుంటుందట.

నీ రెండో భాగం సంగతి వాళ్లకు చెప్పనా?

దేవకమ్మ


ఆత్మకూరు,
ఆగస్టు 1979

దేవకా,

చెప్పు. వెంటనే చెప్పు. రాసింది మగవాడు కాదని, ఆత్మకూరు బస్టాండు వెనక మిషను కుట్టుకునే జైతూన్‌బీ అని కూడా చెప్పు. రెండో భాగంలో చివరి కాగితాలు దీంతో పంపుతున్నాను. ఓడ దానంతట అదే పోతుందన్న చోట గీత గీశాను. అక్కడి నుంచి చదువు.

అనుమసముద్రంపేట దర్గాకు వచ్చే రోగుల్ని నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. దువా అడుగుతారు, తాయెత్తు కట్టుకుంటారు, చెంగున ముడేసుకున్న మందుబిళ్ల కూడా మింగుతారు. మందు మానమని అక్కడ ఎవరూ అనరు. మందు మానితేనే శక్తి అన్న మాట నేను పుట్టించాను. నాకు అన్నం సహించడం లేదు.

జైతూన్


ఉదయగిరి,
సెప్టెంబరు 1979

జైతూన్,

చదివాను. అందరూ కూర్చుని విన్నారు. అయిపోయాక మాల్యాద్రి ఆ కాగితాలు తీసుకుని కళ్లకద్దుకున్నాడు. రాసింది ఆడమనిషి అని తెలిసి వాళ్ల నమ్మకం ఇంకా గట్టిపడింది. “రాసినామె కూడా దాతే గదా. మొదటి భాగం ఆమెకి వచ్చింది, రెండోది ఆమె భయపడి రాసుకున్నది. అందుకే అచ్చు కాలా,” అన్నాడు.

నిన్న శీనమ్మ పమిట చెంగు దాచింది. లాగి చూశాను. నెత్తురు. పిడికెడు గంజి తప్ప ఏమీ తినడం లేదు. ఇట్లాగే పోతే వాన దాకా కూడా ఉండదు.

డాక్టరుగారు పోలీసులకు చెప్పమన్నారు. ఎస్సై వచ్చి అడిగితే అది నవ్వుతూ తల ఊపింది, ఎవరూ బలవంతం చేయలేదని సైగ చేసింది. ఆయన ఏం చేస్తాడు, వెళ్లిపోయాడు.

నిజం చెబితే వినలేదు. అందుకే ఇంకోటి అడుగుతున్నాను. వాళ్లు నువ్వు రాసిందే వింటారు. దాతను లేపే మాట ఒకటి రాయి. అది అబద్ధమైతే ఆ పాపం నాది. నా చెల్లెలు లేచి సూది వేయించుకుంటే చాలు.

దేవకమ్మ


ఆత్మకూరు,
సెప్టెంబరు 1979

దేవకా,

మాల్యాద్రి పేర రాసిన జాబు దీనిలో పెట్టాను. కింద నా అసలు పేరు, మా వీధి పేరు కూడా రాశాను, నమ్మాలని. అందులో ఉన్నది ఇంతే: శీనమ్మ దాతగా ఇవ్వాల్సింది ఇచ్చేసింది. ఇక ఆమె ఒంటిని ఆమె తిరిగి నిలబెట్టుకోవాలి. మందు తీసుకోవాలి, కడుపునిండా తినాలి. అది ఆమెకు ఇచ్చిన విడుదల.

ఇంకో మాట నీకు మాత్రం రాస్తున్నాను. ఆ చోటు ఇక ఖాళీగా ఉండొచ్చని కూడా రాయబోయి ఆగిపోయాను. ఖాళీగా ఉండకూడదని మొదటి భాగంలో ఎన్నోసార్లు ఉంది. అది మాల్యాద్రికి నోటికి వచ్చు. ఆ మాట కనిపిస్తే ఇది మొత్తం అబద్ధమని పట్టేసి శీనమ్మను లేవనివ్వడేమోనని భయపడ్డాను. అందుకని ఆ పీటను నువ్వు కనిపెట్టుకుని ఉండాలి. శీనమ్మ లేచాక అక్కడ ఇంకెవరైనా కూర్చుంటే ఆ రోజే నాకు రాయి.

జైతూన్


ఉదయగిరి,
నవంబరు 1979

జైతూన్,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. మాల్యాద్రి నీ జాబు చదివి, శీనమ్మను తనే చెయ్యి పట్టి లేపాడు. ఇప్పుడు నా దగ్గరే ఉంది. సూదులు మళ్లీ మొదలుపెట్టాం. మొదట్లో మాట సరిగా వచ్చేది కాదు, గొంతు బొంగురుపోయింది. ఇప్పుడు కోడిగుడ్డు ఇస్తే ఇంకోటి అడుగుతోంది. జ్వరం పోయింది. ఉదయం నాతోపాటు ఆసుపత్రి దాకా నడుస్తోంది.

కొండ మీద దుర్గం చూడాలంది. మెట్లెక్కే ఓపిక వచ్చాక తీసుకుపోతానన్నాను. నువ్వూ ఒకసారి రా.

దేవకమ్మ


ఆత్మకూరు,
డిసెంబరు 1979

దేవకా,

శీనమ్మ సంగతి చదివి మా ఆయన ఖలీలుల్లాకు కూడా చెప్పాను. ఆయన పేట దర్గాకు పోయి సమాధి మీద చాదరు కప్పి వచ్చారు.

నేను అడిగింది నువ్వు రాయలేదు. ఆ చోట్లో ఎవరైనా కూర్చున్నారా?

జైతూన్


ఉదయగిరి,
జనవరి 1980

జైతూన్,

క్రిస్మస్‌కు శీనమ్మకు నీలం వాయిలు చీర తెచ్చాను. బాగా కుదిరింది. చర్చిలో పాట పాడింది, గొంతు ఇంకా పూర్తిగా రాలేదు. ఎక్స్‌రే తీశారు, మచ్చ తగ్గుతోందన్నారు. ఇక్కడ పని ఎక్కువగా ఉంది, పల్లెల వైపు పోవడం కుదరడం లేదు. మీ ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

దేవకమ్మ


మర్రిపాడు దోవ పల్లె,
ఫిబ్రవరి 1980

రచయిత్రి అమ్మగారికి, మాల్యాద్రి దండం పెట్టి రాస్తున్నాడు.

మీ జాబు ప్రకారం నా భార్యను విడుదల చేసినాము. చోటు ఖాళీగా ఉండకూడదు గనక ఆ పూటే మా అమ్మ ఓబమ్మ కూర్చునింది. నేను వద్దన్నాను. కోడలు అంత ఇచ్చింది, నేను ముసలిదాన్ని, నాకేం పోతాది అనింది. మా వదిన దేవకమ్మ రెండుసార్లు వచ్చి చూసింది. తినమని చెప్పింది, మా అమ్మ వినలేదు. ఈ సంగతి శీనమ్మకు చెప్పొద్దని వదిన మమ్మల్ని అడిగింది, చెప్పలేదు.

మా అమ్మ ఈ నెల అమావాస్య ముందు రోజు పోయింది. నొప్పి అనలేదు. దీపం ఆరినట్టు పోయింది. మా పల్లె అంతా మోసినారు. చావుకు శీనమ్మ వచ్చింది. అప్పుడు తెలిసింది దానికి. అప్పటి నుంచి వెనక్కి పోలేదు. ఒళ్లు బాగైంది, మళ్లీ నేనే కూర్చుంటానంటోంది. నేను ఒప్పుకోలేదు. ప్రస్తుతానికి చోట్లో నేను కూర్చున్నాను, కానీ వాహకుడే దాతగా కూర్చోకూడదని పుస్తకంలో ఉంది. ఎవరు కూర్చోవాలో మీరు రాయాలి. మీరు ఏం రాస్తే అది చేస్తాము.

ఇట్లు
మాల్యాద్రి


ఆత్మకూరు,
మార్చి 1980

దేవకా,

మాల్యాద్రి జాబు అందిన రోజే మర్రిపాడు బస్సెక్కాను. నీ దగ్గరకు రాలేదు, వస్తే ఏం మాట్లాడతానో నాకే తెలియలేదు.

నేనెవరో చెప్పగానే దోవలోనే కాళ్లకు మొక్కారు. బుర్ఖా అంచు పట్టుకుని ఒక ముసలాయన ఏడ్చాడు. కొట్టంలోకి తీసుకుపోయారు. మాల్యాద్రి పీట మీద కూర్చుని ఉన్నాడు, బిగిసిన కాలు చాపుకుని. పెదవులు పగిలి ఉన్నాయి. శీనమ్మ గోడవారన నిలబడి ఉంది. నీ నీలం చీరే కట్టుకుంది.

నేను కూర్చోకుండానే చెప్పాను. ఏ లోకమూ లేదు, ఏ శక్తీ లేదు, మిషను ముందు కూర్చుని నేను కల్పించాను అన్నాను. స్కైలాబు ఎక్కడ పడేదో అక్కడే పడింది, శీనమ్మ కూర్చున్నా కూర్చోకపోయినా అక్కడే పడేది అన్నాను. అందరూ మాల్యాద్రి వైపు చూశారు.

అతను, “శీనమ్మని విడుదల చేయమన్న జాబు?” అన్నాడు.

“అది కూడా కల్పించిందే. శీనమ్మ బతకాలని.”

“అట్లయితే మా అమ్మ దేనికి పోయింది?”

ఆకలితో పోయింది అన్నాను. అంతకంటే నిజమైన మాట దొరకలేదు.

వెనక నుంచి ఒకరు, ఈమెను ఎవరో బెదిరించి పంపారన్నారు. ఇంకొకరు ఈమె అసలు రాసినామే కాదన్నారు. లేచి గుంపుగా బయటకు పోయారు. మాల్యాద్రి తల ఎత్తలేదు. శీనమ్మ లోపలికి పోయి పళ్లెంలో అన్నం, పుల్లగూర తెచ్చి అతని ముందు పెట్టి, “తిను,” అంది. అతను కదల్లేదు. అది కింద కూర్చుని ముద్ద కలిపి అట్లాగే చేతిలో పట్టుకుంది. నేను వచ్చేసేటప్పటికి కూడా ఆ ముద్ద దాని చేతిలోనే ఉంది.

నిన్ను రెండుసార్లు అడిగాను. నువ్వు చీర సంగతి రాశావు.

జైతూన్


ఉదయగిరి,
ఆగస్టు 1980

జైతూన్,

నీకు జవాబు రాయడానికి ఇన్ని నెలలు పట్టింది. ఓబమ్మత్త కూర్చున్న సంగతి అప్పుడే నీకు రాస్తే నువ్వు మళ్లీ ఒక జాబు రాస్తావు, ఆమె లేస్తుంది, శీనమ్మ తిరిగి పోయి కూర్చుంటుంది అనుకున్నాను. ఇద్దరిలో నా చెల్లెల్ని ఎంచుకున్నాను. ఇప్పుడు అడిగినా వేరే మాట చెప్పలేను. ఓబమ్మత్త మొహం మాత్రం నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. రెండోసారి పోయినప్పుడు ఆమె నన్ను గుర్తుపట్టి, కోడలు తింటోందా అని సైగ చేసి అడిగింది.

మాల్యాద్రి మర్నాడు తిన్నాడట. కొన్నాళ్లకు కాలు ఈడ్చుకుంటూ ఒక ముగ్గురాయి లారీ మీద క్లీనరుగా వెళ్లిపోయాడు. ఇంతవరకు కబురు లేదు. శీనమ్మ ఇక్కడే ఉంటోంది. సూదికి చెయ్యి చాపేది, అన్నం తినేది, నాతో మాట్లాడేది కాదు.

నువ్వు వచ్చి చెప్పిన రోజు లేచి వెళ్లిన గుంపు కలిగిరి వైపు ఒక పల్లెలో చేరింది. అక్కడ కొత్త వాహకుడు, కొత్త పీట. రాసినామె చచ్చిపోయిందని చెప్పుకుంటున్నారు. కామమ్మ అని ఒక మనిషి కూర్చుంది, మొగుడు పోయిన పిల్ల. ఈ సంగతి ఆసుపత్రిలో మందుల వరసలో నిలబడినవాళ్లు అనుకుంటుంటే శీనమ్మ వింది. మర్నాడు పొద్దున నన్ను అడక్కుండా బస్టాండుకు బయలుదేరింది. నేను వెంటపడి అదే బస్సెక్కాను.

అక్కడ ఎవరూ దాన్ని ఆపలేదు. మొదటి దాత అని అందరూ లేచి దారి ఇచ్చారు. అది పోయి కామమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది. నువ్వు చెప్పినట్టు కథ అనో అబద్ధమనో చెప్పలేదు. గొంతు పెంచలేదు కూడా.

“నేనూ కూర్చున్నా ఇట్లనే,” అంది. “శక్తేం రాలా నాకు. ఆకలైంది. ఆకలి పోయినాక చలేసింది. అందరూ దండాలు పెడతా ఉంటే లేయడానికి సిగ్గైంది. అంతే ఉండాది అందులో. మా అత్తకీ అంతే అయ్యుంటాది.”

కామమ్మ దాన్నే చూస్తూ ఉంది. శీనమ్మ సంచిలోంచి సత్తు మరచెంబు తీసి మూత తిప్పింది. జొన్న గంజి, నేను కాచింది కాదు, తనే కాచుకుని తెచ్చింది. వాహకుడు ఏదో అనబోయాడు. శీనమ్మ అతని వైపు తిరగలేదు. చెంబు పీట అంచున పెట్టి చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఎంతసేపు కూర్చుందో. బయట గొడ్లను తోలుకు వచ్చే వేళయింది. కామమ్మ చెయ్యి చాపింది, వెనక్కి తీసుకుంది, మళ్లీ చాపింది. తాగింది. కొంచెమే. పీట మాత్రం దిగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో శీనమ్మ నాతో మాట్లాడింది. “రేపు కూడా పోవాలక్కా. ఇంకొంచెం పలచగా కాచాల,” అంది.

ఇది రాస్తుంటే లోపల జొన్నలు విసురుతోంది.

దేవకమ్మ